గీత గీయక ముందే

వికారాబాద్‌లో ఒక పెళ్లికి వెళ్లి ముగ్గురం తిరిగొస్తున్నాం. మన్నెగూడ దాటి చేవెళ్ల వైపు కొంత దూరం వచ్చాక నాన్న కారు పక్కన ఆపమన్నాడు. అక్కడొక పెద్ద మర్రి. ఊడలు నేలకు దిగి, అవే మళ్లీ బోదెలై నిలబడ్డ మర్రి. పక్కనే రోడ్డు పనికి పోసిన కంకర గుట్ట. నాన్న దిగి, చెట్టు మొదలు నుంచి తారు అంచు దాకా అడుగులు వేసి కొలిచాడు.

నాన్న రోడ్ల ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాడు. మామయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠం చెప్పి రిటైరయ్యాడు. ఇప్పుడు ఊళ్ల వెంట తిరుగుతూ పాత దిబ్బలు, నిలువురాళ్లు, రాకాసి గుళ్లని పిలిచే పాతకాలపు రాతి సమాధులు ఎక్కడెక్కడ మిగిలాయో నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు. రోడ్డు వేయబోయే ముందు ఆ నేలను, దాని కింద ఉన్నదాన్ని, దాని మీద బతికేవాటిని ఎంతవరకు పరీక్షించాలన్నది వాళ్లిద్దరి మధ్య పాత తగవు. ఆ రోజు మర్రి కింద గంటన్నర సాగింది. ఎవరి మాటా పలచన చేయకుండా నాకు గుర్తున్నంత రాస్తున్నాను.

నాన్న: నాలుగు అడుగులు. రాత్రిపూట ఎదురు లారీ లైట్లు కళ్లలో పడితే బండి దించడానికి ఉన్న జాగా ఇంతే, ఆ తర్వాత చెట్టు. 2025 నవంబరు 3 గుర్తుందా? ఈ రోడ్డు మీదే, మీర్జాగూడ దగ్గర, బస్సూ కంకర టిప్పరూ. పంతొమ్మిది మంది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు నాలుగు వరుసలు చేయడమేగా పని? మొదలుపెట్టడానికే ఏళ్లు పట్టింది. నువ్వు సర్వే అన్నప్పుడల్లా నాకు ఆ బస్సే కళ్ల ముందుకొస్తుంది.

మామయ్య: నాకూ వస్తుంది బావా. ఆ పేర్లు పేపర్లో చదివిన రోజు ముద్ద దిగలేదు. కానీ ఆలస్యం చెట్ల వల్ల అయిందంటే ఒప్పుకోను. ఇవి నిజాం కాలం నాటి మర్రులు, తొమ్మిది వందలకు పైనే ఉన్నాయి. భూమిలో దాగున్నవి కావు, బస్సు కిటికీలోంచి చూసే పిల్లవాడికి కూడా కనిపిస్తాయి. కేసు గ్రీన్ ట్రైబ్యునల్‌కు వెళ్లింది. చివరికి ఏమైంది? ఎక్కువ చెట్లు ఉన్నచోటే ఉండేటట్టు రోడ్డునే అటూ ఇటూ జరిపి, తప్పనివాటిని పెకలించి వేరేచోట నాటాలని ప్లాను మార్చుకున్నారు. ఆ ప్లానే మొదటి రోజు కాగితం మీద ఉండి ఉంటే కేసు ఎక్కడిది?

నాన్న: కాగితం మీద గీయడం తేలిక. రోడ్డు పది మీటర్లు జరిగితే పది మీటర్ల భూమి కావాలి. ఈ చుట్టుపక్కల భూమి ధర ఎంతో నీకు తెలుసు. చెట్టు సర్కారుది, పక్క పొలం రైతుది. చెట్టు కొడితే ఎవరింటికీ నోటీసు పోదు, ఎవరూ ఆఫీసుకొచ్చి ఏడవరు. పొలం తీసుకుంటే కన్నీళ్లు, కోర్టులు, పరిహారం. అందుకే ఇంజనీరు పెన్సిలు చెట్టు వైపు జరుగుతుంది. ఇందులో కక్ష లేదు.

ఈ మాట నాన్న నోట ఇంత సూటిగా ఎప్పుడూ వినలేదు. మన రోడ్ల మీద చింతలు, వేపలు, మర్రులు ఎందుకంత సులువుగా పోతాయో నాకు అప్పుడు తెలిసింది. చెట్టుకు పట్టాదారు పాసుపుస్తకం లేదు.

మామయ్య: మీరన్న దానికి చట్టం కూడా తోడైంది. ఉన్న జాతీయ రహదారిని వెడల్పు చేస్తుంటే, పొడవు 100 కిలోమీటర్లు దాటాలి, అదనంగా తీసుకునే వెడల్పు 40 మీటర్లు మించాలి. అప్పుడే ముందస్తు పర్యావరణ అనుమతి కావాలని 2013 సవరణ. ఇది 46 కిలోమీటర్లే. అంటే ఈ దారిలో ఏముందో ముందుగా చూసుకోవాల్సిన బాధ్యత ఎవరి మీదా గట్టిగా పడలేదు.

నాన్న: ఉన్న రోడ్డును వెడల్పు చేయడం కొత్త రోడ్డు వేసినంత హాని కాదని ఆ గీటు పెట్టారు. ప్రతి ఊరి రోడ్డుకూ సంవత్సరం పాటు సర్వే చేయిస్తే గర్భిణి ఆస్పత్రికి ఏ దారిన పోవాలి?

మామయ్య: గీటు పొడవును బట్టి పెట్టారు, దారిలో ఉన్నదాన్ని బట్టి కాదు. అదీ నా బాధ. నాలుగు కిలోమీటర్ల రోడ్డు కింద ఒక ఊరి చరిత్రంతా ఉండొచ్చు, నాలుగు వందల కిలోమీటర్ల రోడ్డు కింద ఏమీ ఉండకపోవచ్చు. మీది రేపల్లె తాలూకా. భట్టిప్రోలు మీకు కూతవేటు దూరం. అక్కడ ఏం జరిగిందో మీకు చెప్పాలా?

నాన్న: చెప్పు. అమ్మాయి వింటుంది.

మామయ్య నా వైపు తిరిగి చెప్పాడు. భట్టిప్రోలులో విక్రమార్క కోట దిబ్బ అని ఊరివాళ్లు పిలిచే మట్టిదిబ్బ, దాని పక్కన ఇంకో దిబ్బ. నిజానికి అక్కడున్నది బౌద్ధ స్తూపం. పంతొమ్మిదో శతాబ్దంలో కాలవలు, రోడ్లు వేస్తున్న రోజుల్లో స్తూపం అండాన్ని పడగొట్టి ఇటుకలు రోడ్డుకు వాడారు. పాలరాతి పలకలు వెల్లటూరు తూముకు పోయాయి. 1892లో అలెగ్జాండర్ రీ వచ్చి, మిగిలిన అడుగుభాగం తవ్వితే లోపల మూడు రాతి బరిణెలు దొరికాయి. వాటి మీద బ్రాహ్మీ అక్షరాలు, మిగతా చోట్ల కనిపించే బ్రాహ్మీకి కొంచెం తేడాగా ఉన్నవి. పండితులు వాటిని భట్టిప్రోలు లిపి అనే పిలుస్తారు. కుబీరకుడనే రాజు పేరు ఆ అక్షరాల్లోనే బతికుంది.

మామయ్య: బరిణెలు లోతున ఉన్నాయి కాబట్టి మిగిలాయి. పైన ఏముందో, ఏ శిల్పముందో, ఏ దాత పేరుందో రోడ్డుకు తెలుసు, మనకు తెలియదు. ఇంకా పెద్దది హరప్పా. లాహోర్, ముల్తాన్ మధ్య రైలు మార్గానికి దాదాపు వంద మైళ్ల మేర ఆ నగరం ఇటుకలే పరిచారని కన్నింగ్‌హామ్ రాశాడు. అది ఏ కాలపు నగరమో తెలియడానికి ఇంకో అరవై డెబ్బై ఏళ్లు పట్టింది. తెలిసేనాటికి సగం రైలు కింద ఉంది.

నాన్న: అది తెల్లదొరల కాలం. వాళ్లకు తెలియదు. ఇప్పుడు చట్టం ఉంది. రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల ఏదీ కట్టకూడదు, ఆపైన రెండు వందల మీటర్లు అనుమతి తీసుకోవాలి. 2010లో ఇంకా బిగించారు. నా సర్వీసులోనే ఒక గుడి కోసం వంతెన అప్రోచ్ మార్చాం.

మామయ్య: రక్షిత కట్టడం అని బోర్డు ఉన్నదానికి. కేంద్రం బోర్డు పెట్టినవి దేశం మొత్తం మీద 3,700కు అటూ ఇటూ. అందులో కోటలు, గుళ్లు, మసీదులు, అంటే నేల మీద కనిపించేవే ఎక్కువ. నేల కింద ఉన్నదానికి బోర్డు ఎవరు పెడతారు బావా? నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు నేల మీదే, పట్టపగలు మనిషి కన్నా ఎత్తున నిలబడి ఉన్నాయి. అవి యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది 2025లో. అంతకు ముందు పొలం చదును చేసుకుంటూ ఎన్ని రాళ్లు లాగేశారో లెక్క లేదు. కనిపించేదానికే ఇంత కాలం పడితే కనిపించనిదాని గతేమిటి?

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చెట్టు తొర్రలోంచి పగిడికంటె ఒకటి మెడ తిప్పి మమ్మల్ని చూసి లోపలికి పోయింది. ఈ చెట్టును క్రేనుతో పెకలించి ఇంకోచోట నాటితే ఊడలు కోసేస్తారు, కొమ్మలు నరికేస్తారు. చెట్టు బతకొచ్చు. ఆ తొర్ర బతకదు. చెట్ల జాబితాలో బోదె చుట్టుకొలతకు గడి ఉంటుంది, తొర్రకు గడి ఉండదు. సర్వే అంటే ఏమిటో అడగాల్సింది అక్కడి నుంచే అని నా నమ్మకం.

మామయ్య: ఇంకో సంగతి. అందరూ రోడ్డు వెడల్పునే కొలుస్తారు. రోడ్డు తినేది తన వెడల్పును మాత్రమే కాదు.

నాన్న: మట్టి గురించేగా?

మామయ్య: మీకు తెలియంది కాదు. గట్టు పోయడానికి లక్షల క్యూబిక్ మీటర్ల మట్టి ఎక్కడి నుంచి వస్తుంది? చెరువులోంచి, గుట్టలోంచి, ఊరి పక్క దిబ్బలోంచి. మన పల్లెల్లో పాటిదిబ్బ అనే మాట ఎంత పాతది! పాడుపడ్డ ఊరి మీద పేరుకున్న దిబ్బ అది. అందులోని బూడిద మన్నును పాటిమన్ను అని తవ్వుకుపోయి రైతులు చేలకు ఎరువుగా చల్లారు. గంపలతో తవ్వుకుంటే వంద సంవత్సరాలకు సగం దిబ్బ పోయేది. ప్రొక్లెయిన్‌కు వారం చాలు. సర్వే రిపోర్టులో రోడ్డుకు అటూ ఇటూ ఏముందో రాస్తారు. మట్టి తెచ్చిన దిబ్బ పది కిలోమీటర్ల అవతల ఉంటే అది ఏ రిపోర్టులోనూ ఉండదు. గీత మీద ఒక్క పెంకు దొరక్కపోయినా, గీత కోసం ఒక ఊరు మాయమైపోతుంది.

నాన్న వెంటనే జవాబు చెప్పలేదు. కంకర గుట్టలోంచి ఒక రాయి తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. ఎందుకో అప్పుడు నాకు తెలియదు.

నాన్న: సరే. నీ వైపు నుంచే మాట్లాడదాం. ఆంధ్రదేశంలో ఏ పొలంలో గునపం వేసినా పెంకు తగులుతుంది. తాతముత్తాతల కుండ పగిలిన ప్రతిచోటా రోడ్డు ఆగాలా? ఏది ముఖ్యం, ఏది కాదు అని ఎవరు తేలుస్తారు? మీవాళ్లు ముగ్గురొస్తే మూడు మాటలు చెబుతారు. రోజుకు ఇంతని అద్దె పడుతూ యంత్రాలు నిలబడి ఉంటాయి. కూలీలు ఊరికే కూర్చుంటారు. వానలొస్తే పని మళ్లీ నాలుగు నెలలు వెనక్కి. ఈ ఖర్చు జనం పన్నుల్లోంచే.

మామయ్య: ఆగాలని నేనెప్పుడన్నాను? ముందు చూడాలంటున్నాను. ఆగడం, ముందు చూడటం ఒకటి కాదు. నాగార్జునకొండ మనదే కదా. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ డ్యాముకు శంకుస్థాపన చేశారు. అంతకు ముందు ఏడాదే, 1954లోనే, ఆర్. సుబ్రహ్మణ్యం బృందం లోయలో తవ్వకం మొదలుపెట్టింది. 1960 దాకా తవ్వారు. రాతియుగం పనిముట్లు మొదలుకొని ఇక్ష్వాకుల రాజధాని వరకు, విహారాలు, స్నానఘట్టం, మెట్ల రంగస్థలం, అన్నీ నమోదు చేశారు. కొన్నింటిని విప్పి కొండ మీద మళ్లీ కట్టారు. డ్యాము ఆగిందా? నీళ్లు రాలేదా? దేశంలో తిండిగింజల కరువున్న రోజుల్లో, చేతిలో డబ్బు లేనప్పుడు చేసిన పని అది.

నాన్న: నాగార్జునకొండలో ఏముందో 1926 నుంచే తెలుసు. ఒకటే లోయ. చుట్టూ కొండలు. ఎక్కడ తవ్వాలో తెలిసిన చోట తవ్వారు. రోడ్డు లోయ కాదోయ్, దారం. మూడు వందల కిలోమీటర్ల దారం వందల ఊళ్ల మీదుగా పోతుంది. దాని పొడవునా తవ్వి చూస్తావా?

మామయ్య: చూసినవాళ్లున్నారు. ఇంగ్లండులో కేంబ్రిడ్జికీ హంటింగ్డన్‌కూ మధ్య ఏ14 రోడ్డు. ఇరవై ఒక్క మైళ్లు, ఈ చేవెళ్ల రోడ్డు కన్నా పొట్టిది. ఒక దశలో 250 మంది దాకా పురావస్తువాళ్లు పనిచేశారు, నలభైకి పైగా చోట్ల తవ్వారు. రోమన్ల కాలపు కుండల బట్టీలు, శాక్సన్ల పల్లెలు, ఖాళీ అయిపోయిన ఒక మధ్యయుగపు ఊరు, రెండు వేల నాలుగు వందల ఏళ్ల కిందట బీరు కాచిన ఆనవాళ్లు. క్రీ.శ. 269లో రెండు నెలలు మాత్రం ఏలిన లేలియానస్ అనే చక్రవర్తి బంగారు నాణెం కూడా. అంతా తవ్వి, రాసుకుని, రోడ్డు వేశారు. 2020 మే నెలలో, అనుకున్న గడువు కంటే నెలల ముందే తెరిచారు.

నాన్న: ముందే తెరిచారా?

మామయ్య: ముందే. ఎందుకంటే పురావస్తు పని కాంట్రాక్టు లోపలే ఉంది, కాంట్రాక్టుకు అడ్డంగా లేదు. కట్టేవాడే ముందు భూమిని పరీక్షించుకోవాలి, ఖర్చు కట్టేవాడిదే అని 1990 నుంచి అక్కడ పద్ధతి. ఫ్రాన్స్‌లో 2001లో దానికి చట్టమే చేశారు. వాళ్లు దారి పొడవునా తవ్వలేదు బావా. మొదట పాత పటాలు, ఆకాశం నుంచి తీసిన ఫొటోలు చూస్తారు. తర్వాత అయస్కాంత పరికరాలతో నేలను తడుముతారు. అప్పుడు అక్కడక్కడ సన్నటి కందకాలు తీసి చూస్తారు. ఏమీ లేనిచోట వదిలేసి ముందుకు పోతారు. ఉన్నచోటే కూర్చుంటారు. పని మొదలయ్యాక కూడా పైమన్ను తీస్తున్నంతసేపు యంత్రం పక్కన ఒక మనిషి నిలబడి, పళ్లు లేని బకెట్‌తో పొర పొరగా తీయిస్తాడు.

నాన్న: పళ్లు లేని బకెట్! మన మొరం నేలలో దించి చూడమను. రేకు వంగిపోతుంది.

మామయ్య: మొరం తగిలిందంటే ఆయన పని అయిపోయినట్టే. మనిషి ఆనవాళ్లన్నీ ఆ పైన ఉన్న మన్నులోనే ఉంటాయి. అక్కడి నుంచి మీ పళ్ల బకెట్ దించుకోండి.

నాన్న మొహంలో ఒక మార్పు చూశాను. యంత్రం గురించి, పొర గురించి, ఏ లోతున ఏది ఆగుతుందో దాని గురించి మాట వచ్చేసరికి ఆయన ఎదుటి మనిషిని వినడం మొదలుపెట్టాడు. మన దగ్గర ఈ రెండు వృత్తులవాళ్లు ఒకే గుంతలోకి దిగి మాట్లాడుకునే సందర్భాలే తక్కువ. కోర్టులో కలుసుకుంటారు.

నాన్న: పర్యావరణం సర్వే సంగతి నేను కాదనను. అందులో నా స్వార్థం ఉంది. నీటి దారి తెలుసుకోకుండా వేసిన గట్టు రోడ్డు కాదు, ఆనకట్ట. అటువైపు ఊరు మునుగుతుంది, మూడో వానకు గట్టే తెగుతుంది. కానీ వాళ్ల లెక్క ఎలా ఉంటుంది? వానాకాలం కాకుండా ఏదో ఒక సీజన్ వివరాలు సేకరిస్తే చాలునంటారు. ఎండాకాలంలో వచ్చినవాడికి వాగు కనిపించదు. గొర్రెల కాపరిని అడిగితే చెప్పేవాడు, కానీ ఫారంలో గొర్రెల కాపరికి చోటు లేదు. నేను నా రోజుల్లో కల్వర్టు ఎక్కడ పెట్టాలో ముసలివాళ్లను అడిగి పెట్టేవాణ్ణి. వాళ్లు చెప్పిన దగ్గర రోడ్డు ఎన్నడూ కొట్టుకుపోలేదు.

మామయ్య: చూశారా, మీరు చేసింది అదే. దాన్నే నేను సర్వే అంటున్నాను.

నాన్న: తొందరపడకు. ఇంకా నా మాట అవలేదు. 44వ నంబరు హైవే, మన ఆదిలాబాద్ దాటి నాగ్‌పూర్ మీదుగా పోయేదే, పెంచ్ అడవిలోంచి వెళ్తుంది. పులులు దాటే చోటు. ఏళ్లు గొడవ జరిగింది. చివరికి మహారాష్ట్ర వైపు తొమ్మిది చోట్ల రోడ్డును పైకెత్తి కింద జంతువులకు దారి వదిలారు. అన్నిటికన్నా పొడుగుది 750 మీటర్లు. 2019లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు కింద కెమెరాలు పెట్టి చూస్తే పద్దెనిమిది రకాల జంతువులు వాడుకుంటున్నాయి. పదకొండు పులులు, ఎనభై తొమ్మిది సార్లు. కట్టింది ఎవరు? మాలాంటి ఇంజనీర్లే. ఎక్కడ దాటుతాయో, ఎంత ఎత్తు కావాలో లెక్కగా చెప్తే కట్టి ఇస్తాం. మాకు కావాల్సింది లెక్క. మీవాళ్లు ఇచ్చేది ఆవేదన.

మామయ్య: లెక్క ఇస్తే తీసుకుంటారా?

నాన్న: తీసుకుంటాం, కానీ ఎప్పుడిస్తావు? ఇక్కడుంది అసలు చిక్కు. గీత ఖరారు కాకముందు సర్వే చేయాలంటావు. సర్వే మనుషులు ఊళ్లో పరికరాలు పట్టుకుని తిరిగితే వారంలో బ్రోకర్లకు తెలిసిపోతుంది. ఆ గీత పక్కన ప్లాట్లు వెలుస్తాయి, పెద్దవాళ్ల భూములు తప్పించడానికి గీత వంకర తిరుగుతుంది, పేదవాడి పొలం మీదికి పోతుంది. రీజనల్ రింగ్ రోడ్డు అలైన్‌మెంట్ మాట వచ్చినప్పుడల్లా రైతులు ఎందుకు రోడ్డెక్కుతున్నారు? గీత గీసేదాకా గుట్టుగా ఉంచాలి. గీసిన తర్వాత సర్వే అంటే ఆలస్యమంటావు. ఏది చేసినా తప్పే. చెప్పు, నీ జవాబేమిటి?

ఇది గట్టి ప్రశ్న. మామయ్య నోటుపుస్తకం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

మామయ్య: మీ గీత నాకు అక్కర్లేదు. అది మీ దగ్గరే గుట్టుగా ఉంచుకోండి. నేను అడిగేది పటం. ఏ రోడ్డూ అనుకోకముందే, ఏ బ్రోకరుకూ ఆశ పుట్టకముందే, మండలం మండలానికీ ఏముందో ఒక పటం. దిబ్బలు, రాకాసి గుళ్లు, శాసనాలు, ఇనుప చిట్టెం పడి ఉన్న చోట్లు. వాటితో పాటే చెరువులు, వాగులు, పెద్ద చెట్లు, జంతువులు దాటే దారులు. అది ఉంటే మీ గదిలో కూర్చుని, తలుపులు వేసుకుని, మీ గీతను దాని మీద పెట్టి చూసుకుంటారు. దిబ్బ మీద పడితే అరకిలోమీటరు జరుపుతారు. కాగితం మీద జరిపిన గీతకు ఎవరూ పరిహారం అడగరు, యంత్రం అద్దె పడదు. మట్టి ఎక్కడి నుంచి తేకూడదో కూడా అందులోనే ఉంటుంది. ఈ నోటుపుస్తకంలో ఇప్పటికి రెండు మండలాలు పూర్తయ్యాయి. ఒంటరి ముసలాడు, ఒక పాత స్కూటరు. ప్రభుత్వం తలుచుకుంటే ఎంతసేపు?

నాన్న: పటం సరే. ఒప్పుకుంటాను, అది పనికొచ్చే మాట. కానీ ఆ పటంలో తెల్లగా వదిలిన చోటు సంగతేమిటి? అక్కడ ఏమీ లేదని నువ్వు సంతకం పెడతావా? నా సర్వీసులో మీ శాఖలవాళ్లు 'ఇక్కడ ఉంది, ఆపండి' అని రాసినవాళ్లను చూశాను. 'ఇక్కడ లేదు, పోనివ్వండి' అని తేదీ వేసి సంతకం పెట్టినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. మేం ప్రతి వంతెనకూ సంతకం పెడతాం. కూలితే జైలుకు మేమే పోతాం. నీవాళ్లకు ఆ ధైర్యం ఉందా?

మామయ్య చాలాసేపు ఊరుకున్నాడు.

మామయ్య: లేదు. నిజం ఒప్పుకోవాలి. భూమి లోపల ఏమీ లేదని చెప్పగలిగినవాడు లేడు. ఐర్లండులో తారా కొండ పక్కన ఎం3 మోటారు మార్గం వేస్తున్నప్పుడు ముందు పరీక్షలన్నీ అయిన తర్వాత, 2007లో, లిస్‌మల్లిన్ దగ్గర పైమన్ను తీస్తే ఎనభై మీటర్ల అడ్డుకొలత గల వలయం, కొయ్య గుంజలు పాతిన ఆనవాళ్లు బయటపడ్డాయి. అంత జాగ్రత్తగా చూసినా తప్పిపోయింది. అందుకే యంత్రం పక్కన మనిషి ఉండాలంటాను. కానీ మీరన్నది న్యాయం. 'ఇంత లోతు, ఇన్ని కందకాలు తీసి చూశాం, దొరకలేదు, ఇక పని సాగించండి' అని గడువు లోపల సంతకం పెట్టే అలవాటు మాకు రావాలి. రాకపోతే మమ్మల్ని ఎవరూ ముందు పిలవరు. గొడవయ్యాకే పిలుస్తారు.

నాన్న రాయిని కింద పడేశాడు. చెట్టు మొదట్లో తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. తర్వాత చెప్పింది నాతో కానీ మామయ్యతో కానీ ఇంతకు ముందెప్పుడూ చెప్పలేదు. అమ్మకు చెప్పాడేమో తెలియదు.

నాన్న: 1989. డెల్టాలో ఒక రోడ్డు. అప్పటికి నేను అసిస్టెంట్ ఇంజనీరును. గట్టుకు మట్టి లేదు. నల్లరేగడి పోస్తే వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి గట్టును చీలుస్తుంది. ఊరి బయట ఒక దిబ్బ ఉంది, బూడిద రంగు మన్ను, ఉబ్బదు. కాంట్రాక్టరు చూపించాడు, నేను ఒప్పుకున్నాను. మూడో రోజు ఇటుకలు బయటపడ్డాయి. ఇప్పటి ఇటుకలు కావు, మూరకు మించిన పొడవు. గోడ వరుసగా ఉంది. కూలీలు వాటిని కూడా ఎత్తి గట్టు అడుగున పరిచారు. మరునాడు నేను ఆ గోడ దగ్గర నిలబడి చూశాను. గోడ వంపు తిరిగి ఉంది. ఇంటి గోడ వంపు తిరగదని ఇంజనీరుకు ఒకరు చెప్పాలా? భట్టిప్రోలు పక్కన పుట్టినవాడికి చెప్పాలా?

మామయ్య: ఎవరికీ చెప్పలేదా?

నాన్న: పది రూపాయల విలువ దాటినది ఏది భూమిలో దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878 నుంచి చట్టం ఉందని అప్పుడు నాకు తెలియదు. తెలిసినా చెప్పేవాణ్ణో లేదో. నెలాఖరు. బిల్లు పోవాలి. చెప్తే పని ఆగుతుంది, ఎప్పుడు మొదలవుతుందో చెప్పేవాడు ఉండడు. ఆ దిబ్బంతా ఎం.బుక్‌లో, అంటే మా కొలతల పుస్తకంలో ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తు, ఇన్ని క్యూబిక్ మీటర్ల మట్టి. నా చేత్తో రాసి సంతకం పెట్టాను. ఆ దిబ్బ గురించి రాసిన కాగితం ప్రపంచంలో అదొక్కటే.

నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. మామయ్య ఆయన పక్కన కూర్చున్నాడు. ఏ మాటా అనలేదు. పుస్తకం తెరిచి కొత్త పేజీ తీసి, ఊరి పేరు అడిగాడు. నాన్న ఊరి పేరు చెప్పి, రోడ్డు పేరు చెప్పి, ఛైనేజీ, అంటే రోడ్డు మీద ఎన్నో కిలోమీటరో చెప్పాడు, మీటర్లతో సహా. దిబ్బ ఆ పాయింటు నుంచి ఎడమ పక్కకు ఎంత దూరమో చెప్పాడు. ముప్ఫై ఆరేళ్లు దాటింది.

మామయ్య: ఇటుక కొలత గుర్తుందా?

నాన్న: మందం మూడు వేళ్లు. ఇంకోటి రాసుకో. ఆ రోజు టేపు చేతిలో ఉంది, అలవాటు కొద్దీ కొలిచాను. గోడ ఈ చివర నుంచి ఆ చివరకు ఆరు మీటర్ల తాడు లాగి, మధ్యలో తాడుకూ గోడకూ ఎడం చూశాను. అర మీటరు. రోడ్డు మలుపు కొలిచే పద్ధతే.

అని, ఒక పుల్ల తీసుకుని చెట్టు కింది దుమ్ములో గీశాడు. మొదట తిన్నగా తాడు, దాని పైన వంగిన గోడ. ఆరు, అర అని అంకెలు వేశాడు. వర్గం, ఎనిమిది రెట్లు, భాగహారం. రెండోసారి మళ్లీ చేశాడు.

నాన్న: అర్ధవ్యాసం తొమ్మిదింపావు మీటర్లు. గుండ్రంగా పూర్తయితే అడ్డుకొలత పద్దెనిమిదిన్నర. చూడు, సరిపోయిందా? నువ్వు కూడా ఒకసారి వేసి చూడు, రాసుకునే ముందు.